కోచ్‌ని పేరుతో తూచకండి

పేరు గొప్ప ఊరు దిబ్బ అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. 2025 జూలైలో మన దేశ పురుషుల ఫుట్‌బాల్ జట్టుకు హెడ్ కోచ్ పదవి ఖాళీ అయింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య దరఖాస్తులు అడిగితే 170 వచ్చాయి. అందులో బార్సిలోనా మాజీ కోచ్ చావీ పేరు కూడా ఉందని వార్త బయటికి వచ్చింది. ఇంకేముంది! టీవీల్లో, ఫోన్లలో ఒకటే సందడి. చావీ వస్తే మన ఆట మారిపోతుందని కొందరు, అంత పెద్దాయన్ని డబ్బుల్లేక వదులుకుంటున్నారని కొందరు. రెండు రోజులు తిరిగేసరికి సమాఖ్యే చెప్పింది. చావీ పేరుతో, పెప్ గార్డియోలా పేరుతో వచ్చిన ఈమెయిళ్లు అసలైనవి కావంట. ఎవరో ఆటపట్టించడానికి పంపినవంట.

దీన్ని చదివి నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ నాకు నవ్వుతో పాటు కోపం కూడా వచ్చింది. ఆ రెండు రోజుల్లో ఎంతమంది అడిగారు, ఆయన మన ఆటగాళ్ల ఆట ఎప్పుడైనా చూశారా అని? మన జట్టుతో ఏం చేయగలరు అని? పేరు వినబడింది, చాలు, దండం పెట్టేశాం. మన ఇళ్లల్లో ఒక పెళ్లి సంబంధం చూడాలన్నా ఇంతకన్నా ఎక్కువ విచారిస్తారు కదా!

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కోచ్‌ని ఎన్నుకోవడానికి మనం తక్కెడలో వేస్తున్న రాళ్లు తప్పుడు రాళ్లు. పేరు ఒక రాయి, పాస్‌పోర్టు ఒక రాయి, ధర ఒక రాయి. ఈ మూడింటితో తూచినన్నాళ్లూ ఎవర్ని తెచ్చినా ఏడాదికో రెండేళ్లకో వాళ్లను పంపించేసి మళ్లీ ప్రకటన ఇచ్చుకుంటూనే ఉంటాం. నష్టం మాత్రం ఆటగాళ్లకి, రేపు ఆడబోయే పిల్లలకి.

ముందు అసలు పోటీ ఎవరి మధ్య జరిగిందో చూద్దాం. ఐ.ఎం. విజయన్ గారు అధ్యక్షుడిగా ఉన్న సాంకేతిక కమిటీ 170 మందిలోంచి ముగ్గురిని ఏరింది. ఒకరు ఇంగ్లండ్‌కు చెందిన స్టీఫెన్ కాన్‌స్టంటైన్. ఇంకొకరు స్లొవేకియాకు చెందిన స్టెఫాన్ తార్కోవిచ్. మూడో ఆయన మన ఖాలిద్ జమీల్. ఆగస్టు 1న జమీల్ గారిని ఎన్నుకున్నారు. 2012లో సావియో మెడీరా దిగిపోయాక పూర్తికాలపు హెడ్ కోచ్‌గా భారతీయుడు రావడం 13 ఏళ్లలో ఇదే మొదటిసారి.

ముగ్గురివీ తీసిపారేయదగ్గ బయోడేటాలు కావు. కాన్‌స్టంటైన్ గారు మన జట్టుకు అంతకుముందే రెండుసార్లు కోచ్‌గా చేశారు. 2015లో 173వ స్థానం దాకా జారిపోయిన జట్టు ఆయన కాలంలోనే 2017కి 96వ స్థానానికి ఎక్కింది. 2019 ఆసియా కప్‌లో థాయిలాండ్‌ని 4-1తో కొట్టింది కూడా ఆయన జట్టే. తార్కోవిచ్ గారు స్లొవేకియా జట్టును యూరో కప్‌కు తీసుకెళ్లారు, అక్కడ పోలండ్‌పై గెలిపించారు. ఆ తర్వాత కిర్గిజ్‌స్తాన్ జట్టుకు పనిచేశారు కాబట్టి ఆసియా ఆట ఆయనకు కొత్త కాదు. జమీల్ గారి సంగతి కొంచెం తర్వాత చెప్తాను.

ఇప్పుడు పేరు అనే రాయితో తూచండి. తార్కోవిచ్ గారు గెలుస్తారు, ఎందుకంటే యూరో కప్ అన్నది పెద్ద పేరు. పాస్‌పోర్టు రాయితో తూచండి. విదేశీయుడే గొప్ప అనుకునేవాళ్లకి ఇద్దరు విదేశీయులూ గెలుస్తారు, మనవాడే గొప్ప అనుకునేవాళ్లకి జమీల్ గారు గెలుస్తారు. ధర రాయితో తూచినా జమీల్ గారే, ఎందుకంటే సమాఖ్య దగ్గర అప్పటికి డబ్బు కటకట. ఐఎస్‌ఎల్ నడుస్తుందో లేదో తెలియని పరిస్థితి. చూశారా, రాయి మార్చితే మనిషి మారిపోతున్నాడు. కానీ ఈ మూడు రాళ్లలో ఒక్కటి కూడా "ఈయన మన జట్టుకు ఏం నేర్పగలడు?" అన్న ప్రశ్నకి జవాబు చెప్పదు.

చౌకగా వస్తాడని భారతీయుణ్ణి పెట్టుకున్నారు అని చాలామంది అన్నారు. ఈ మాట నాకు నచ్చలేదు. అది నిజమైతే సమాఖ్యకి సిగ్గు, అబద్ధమైతే జమీల్ గారికి అవమానం. అసలు చౌక అంటే ఏమిటి? ఇగోర్ స్టిమాచ్ గారు 1998 ప్రపంచ కప్‌లో మూడో స్థానం గెలిచిన క్రొయేషియా జట్టులో ఆడినవారు. గొప్ప పేరే. 2023లో మన జట్టుకు శాఫ్ కప్ గెలిపించారు, దాన్ని కాదనను. కానీ ఒప్పందం 2026 దాకా పొడిగించి, 2024 జూన్‌లో మధ్యలోనే తీసేశారు. తగువు తీర్చుకోవడానికి సమాఖ్య నాలుగు లక్షల డాలర్లు ఇవ్వాల్సి వచ్చింది. ఆ డబ్బుతో ఎన్ని ఊళ్లలో పిల్లలకు బంతులు, బూట్లు, శిక్షణ వచ్చేవో లెక్క కట్టుకోండి. ఖరీదైన కోచ్‌ని తెచ్చుకోవడం తప్పు కాదు. తూచకుండా తెచ్చుకుని, తూచకుండా పంపేయడం తప్పు.

మరి సరైన రాళ్లు ఏవి? నాకు తోచినవి నాలుగు చెప్తాను.

మొదటి రాయి: ఇచ్చినదానితో ఏం చేశాడు? క్లబ్ కోచ్ వేరు, దేశపు జట్టు కోచ్ వేరు. క్లబ్బులో గోల్ కొట్టేవాడు లేకపోతే డబ్బిచ్చి ఇంకొకర్ని తెచ్చుకోవచ్చు. దేశపు జట్టుకు అది కుదరదు. ఉన్నవాళ్లతోనే వండాలి. మన క్లబ్బుల్లో ముందు వరుసలో గోల్ కొట్టే పని ఎక్కువగా విదేశీ ఆటగాళ్లకే ఇస్తారు. అందుకే సునీల్ ఛెత్రి గారు 2024 జూన్‌లో రిటైరైతే ఆయన చోటు నిండలేదు, 2025 మార్చిలో 40 ఏళ్ల వయసులో మళ్లీ పిలవాల్సి వచ్చింది. ఏ కోచ్ వచ్చినా ఈ కొరత ఆయన నెత్తినే పడుతుంది. కాబట్టి నిండు బీరువాలోంచి నగలు తీసి పెట్టుకున్నవాళ్లు కాదు, చిరిగిన బట్టను కుట్టుకుని పండగ చేసుకున్నవాళ్లు మనకు కావాలి.

ఈ రాయితో తూచితే జమీల్ గారి బరువు తెలుస్తుంది. 2016-17లో ఆయన ఐజ్వాల్ ఎఫ్‌సి కోచ్. మిజోరంలోని చిన్న క్లబ్బు అది. అంతకు ముందు ఏడాది ఐ లీగ్ నుంచి కిందికి పడిపోయిన జట్టు, ఎలాగో మళ్లీ చోటు దొరికింది. ఆ జట్టు మోహన్ బగాన్ లాంటి వందేళ్ల క్లబ్బును ఒక్క పాయింటు తేడాతో వెనక్కి నెట్టి ఐ లీగ్ గెలిచింది. ఈశాన్య రాష్ట్రాల నుంచి ఒక క్లబ్బు దేశపు లీగ్ గెలవడం అదే మొదటిసారి. తర్వాత నార్త్ ఈస్ట్ యునైటెడ్ క్లబ్బును మధ్యలో తీసుకుని సెమీఫైనల్‌కు చేర్చారు. 2021లో ఐఎస్‌ఎల్ క్లబ్బుకు పూర్తికాలపు హెడ్ కోచ్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. జంషెడ్‌పూర్‌ను 2024-25లో సెమీఫైనల్‌కు తీసుకెళ్లారు. ఇవన్నీ డబ్బున్న క్లబ్బుల కథలు కావు.

ఇదే రాయితో కాన్‌స్టంటైన్ గారు కూడా బాగానే తూగుతారు, నేను దాచను. 2023లో పాకిస్తాన్‌కు ప్రపంచ కప్ క్వాలిఫయర్లలో మొట్టమొదటి విజయం తెచ్చింది ఆయనే. లేనివాళ్ల దగ్గర పని చేయడం ఆయనకు అలవాటు. అందుకే నేను విదేశీయులు వద్దు అనడం లేదు. బాబ్ హౌటన్ గారు 2008లో ఏఎఫ్‌సి చాలెంజ్ కప్ గెలిపించి, 2011 ఆసియా కప్‌కు తీసుకెళ్లారు. 27 ఏళ్ల తర్వాత మన జట్టు ఆసియా కప్ ఆడింది. ఎవరు మేలు చేసినా మేలే.

రెండో రాయి: పూర్తిగా మన పనికే వస్తాడా? మనోలో మార్కెజ్ గారి సంగతి చూడండి. తెలుగువాళ్లకు ఆయన్ని మరిచిపోవడం కష్టం. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సికి ఐఎస్‌ఎల్ కప్పు గెలిపించిన కోచ్ ఆయన. అలాంటి మంచి కోచ్ మన దేశపు జట్టుకు వచ్చి 8 ఆటల్లో ఒక్కటే గెలిచారు. 4 డ్రా, 3 ఓటమి. ఎందుకు? ఆ ఏడాదంతా ఆయన ఎఫ్‌సి గోవాకి కూడా కోచ్. రెండు పడవల మీద కాళ్లు పెట్టమని ఆయనకు చెప్పింది సమాఖ్యే. 2025 మేలో సూపర్ కప్ ఫైనల్‌లో గోవా 3-0తో గెలిచింది. ఓడింది ఎవరనుకున్నారు? జమీల్ గారి జంషెడ్‌పూరే! ఆ తర్వాత నెలకే మార్కెజ్ గారి భారత జట్టు హాంకాంగ్ చేతిలో ఓడిపోయింది. అదే మనిషి, అవే తెలివితేటలు. ఒక చోట కప్పు, ఇంకో చోట కన్నీళ్లు. దీన్నిబట్టి క్లబ్బులో గెలిచినంత మాత్రాన దేశపు జట్టుతో గెలుస్తారన్న హామీ లేదని తెలుస్తోంది. సగం మనసుతో చేస్తే ఏ పనీ పండదని కూడా తెలుస్తోంది.

మూడో రాయి: ఆటగాళ్లకు అర్థమయ్యేలా చెప్పగలడా? ఈ విషయం మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. మాది హోసూరు. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం, బెంగుళూరు బస్సెక్కితే కన్నడం. అర్థమయ్యే భాషలో చెప్తే లెక్కలు కూడా సులువే, అర్థం కాని భాషలో చెప్తే కథ కూడా బరువే అని తెలుగు మీడియంలో చదివే ప్రతి పిల్లవాడికీ తెలుసు. అయితే ఇక్కడ ఒక చిక్కుంది. మన దేశపు జట్టులో మిజోరం వాళ్లున్నారు, మణిపూర్ వాళ్లున్నారు, కేరళ, పంజాబ్, గోవా వాళ్లున్నారు. అందరికీ ఒకటే భాష లేదు. మనవాడైతే చాలు, భాష సమస్య తీరిపోతుంది అనడం కూడా తప్పే. జమీల్ గారు కువైట్‌లో పుట్టారు, ముంబైలో ఆడారు. మిజో ఆయన ఇంటి భాష కాదు. అయినా ఐజ్వాల్ పిల్లలతో కప్పు గెలిపించారు. కాబట్టి చూడాల్సింది ఏ భాష వచ్చు అని కాదు, రానివాళ్లకు కూడా మాట చేర్చగలడా అని. మంచి సారు ఎవరు, పాఠం అప్పజెప్పి వెళ్లిపోయే సారు ఎవరు అన్న తేడా క్లాసులో కూర్చున్నవాళ్లకు అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆటగాళ్లకూ అంతే. మరి కోచ్‌ని ఎన్నుకునేటప్పుడు ఆటగాళ్లను అడుగుతున్నారా?

నాలుగో రాయి: ఓడిపోయాక ఏం చేశాడు? గెలిచినప్పుడు అందరూ మంచి కోచ్‌లే. ఓడిన మరుసటి ఆటకు ఏం మార్చాడు, ఎవరి మీద నెపం వేశాడు, ఆటగాణ్ణి కాపాడాడా వదిలేశాడా అన్నది చూడాలి. ఇది బయోడేటాలో కనబడదు. పాత ఆటలు చూస్తే కనబడుతుంది. అంటే ఎన్నుకునేవాళ్లు కష్టపడాలి. పేరు చూసి ఎన్నుకోవడంలో ఉన్న సుఖం ఇదే, కష్టపడక్కర్లేదు!

ఇప్పుడు మీలో చాలామంది మనసులో ఒక ప్రశ్న ఉంటుంది. ఇంత చెప్తున్నావు, మరి జమీల్ గారు వచ్చాక ఏమైంది? అడగండి, అడగాల్సిందే. మొదట బాగానే జరిగింది. ఆగస్టులో కాఫా నేషన్స్ కప్‌లో తజికిస్తాన్‌ను వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించారు. ఒక పెద్ద క్లబ్బు తన ఆటగాళ్లను పంపకపోయినా, పెనాల్టీల్లో ఒమన్‌ను ఓడించి మూడో స్థానం తెచ్చారు. తర్వాత అక్టోబరులో ఆసియా కప్ క్వాలిఫయర్లలో సింగపూర్‌తో అక్కడ 1-1 డ్రా. గోవాలో మన ముందే ఆడినప్పుడు చాంగ్తే మొదటి గోల్ కొట్టినా 2-1తో ఓడిపోయాం. 2027 ఆసియా కప్ దారి మూసుకుపోయింది. నవంబరులో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 1-0 ఓటమి. బంగ్లాదేశ్ మన మీద గెలిచి అప్పటికి 22 ఏళ్లయిందంట.

వెంటనే మొదలుపెట్టారు, చూశారా, భారతీయుణ్ణి పెడితే ఇంతే, మళ్లీ విదేశీయుణ్ణి తెండి అని. ఆగండి. జమీల్ గారు వచ్చేసరికి రెండు ఆటల్లో మనకు ఉన్నది ఒక్క పాయింటు. గ్రూపులో మొదటి స్థానం వస్తేనే ఆసియా కప్. హాంకాంగ్‌కు, సింగపూర్‌కు చెరి నాలుగు పాయింట్లు. చిల్లు పడ్డ పడవను నది మధ్యలో అప్పగించి, ఒడ్డుకు చేర్చలేదేం అని అడుగుతున్నాం. ముందు గోల్ కొట్టి కూడా ఓడిపోవడంలో కోచ్ బాధ్యత ఉంది, దాన్ని నేను కప్పిపెట్టను. ఆ ఆటకి ఆయన్ని నిలదీయండి. కానీ అంతకు ముందు ఉన్నవాళ్లందరూ విదేశీ కోచ్‌లే కదా! మాల్దీవుల మీద తప్ప ఎవరి మీదా గెలవని ఏడాది కూడా విదేశీ కోచ్ కాలమే కదా! వాళ్లు ఓడినప్పుడు "విదేశీయుణ్ణి పెడితే ఇంతే" అని ఎవరైనా అన్నారా? అప్పుడు ఆ మనిషిది తప్పు అన్నారు. మనవాడు ఓడితే మాత్రం మనవాళ్లందరిదీ తప్పు అంటున్నారు. ఈ అన్యాయం మీదే నా వ్యాసం.

మన పెద్దవాళ్లు చరిత్ర చదవమంటారు. చదువుదాం. సయ్యద్ అబ్దుల్ రహీం గారు హైదరాబాదు మనిషి, వృత్తికి బడి పంతులు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో మనకు బంగారు పతకం వచ్చింది. అయితే మరుసటి ఏడాదే 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయాం. పది గోల్స్! మనవాళ్లలో చాలామంది అప్పటికి వట్టికాళ్లతో ఆడేవారు. ఈ రోజుల్లో అలా జరిగితే కోచ్‌ని విమానం దిగకముందే తీసేసేవారు. అప్పుడు ఏం జరిగింది? ఓటమి నుంచి పాఠం నేర్చుకున్నారు, బూట్లు తప్పనిసరి చేశారు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు కోచ్‌గా మళ్లీ రహీం గారే వెళ్లారు. ఆస్ట్రేలియాను వాళ్ల దేశంలోనే 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచాం. అంతకన్నా మంచి ఒలింపిక్స్ మన ఫుట్‌బాల్‌కు ఈనాటికీ లేదు.

1962 జకార్తా ఆసియా క్రీడలు ఇంకా గొప్పవి. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. ఫైనల్‌లో మళ్లీ అదే కొరియా. డిఫెండర్ జర్నైల్ సింగ్ గారి తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం గారు ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టలేదు, వెనక వరుసలోంచి తీసి ముందు వరుసలో ఆడించారు. ఆయనే ఒక గోల్ కొట్టారు, పి.కె. బెనర్జీ గారు ఇంకొకటి కొట్టారు. 2-1తో బంగారు పతకం మనది. ఉన్నవాళ్లతో వండడం అంటే ఇదే. అప్పటికే ఆయనకు కేన్సరు. మరుసటి ఏడాది 1963 జూన్‌లో చనిపోయారు. ఆ తర్వాత ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ బంగారం మనకు మళ్లీ రాలేదు.

రహీం గారి దరఖాస్తు ఈ రోజు ఆ 170లో ఉంటే ఏమయ్యేది? యూరోప్ అనుభవం లేదు. పెద్ద క్లబ్బు పేరు లేదు. చేసే పని బడి పంతులు. పదో ఓటమికి కాదు, మొదటి చూపుకే పక్కన పెట్టేసేవాళ్లు. నేను ఊహించి అంటున్న మాటే ఇది, కానీ ఇప్పుడు వాడుతున్న రాళ్లతో తూచితే వచ్చే లెక్క ఇంతే.

అంత దూరం కూడా పోనక్కర్లేదు. చావీ వార్త రావడానికి మూడు వారాల ముందు, 2025 జూలై 5న, మన మహిళల జట్టు థాయిలాండ్‌లో థాయిలాండ్‌నే 2-1తో ఓడించింది. రెండుసార్లు ప్రపంచ కప్ ఆడిన జట్టది. సంగీతా బస్ఫోర్ రెండు గోల్స్ కొట్టింది. క్వాలిఫయర్లు ఆడి గెలిచి ఆసియా కప్‌కు వెళ్లడం మన అమ్మాయిలకు అదే మొదటిసారి. నిజామాబాద్ నుంచి వచ్చిన మన తెలుగు అమ్మాయి సౌమ్య గుగులోత్ కూడా ఆ తరం ఆటగత్తే. ఆ జట్టు కోచ్ ఎవరు? క్రిస్పిన్ ఛెత్రి గారు, భారతీయుడు. ఎంతమందికి ఆయన పేరు తెలుసు? రాని చావీ గురించి రెండు రోజులు మాట్లాడుకున్నాం, వచ్చి గెలిపించిన ఛెత్రి గారి గురించి రెండు నిమిషాలు కూడా మాట్లాడుకోలేదు.

కొందరు ఇంకో వాదన చేస్తారు. భారతీయ కోచ్‌లకు పెద్ద ఆటల అనుభవం లేదు, అందుకే ఇవ్వడం లేదు అంటారు. ఇది వినడానికి బాగుంటుంది. కానీ ఐఎస్‌ఎల్ మొదలైన 2014 నుంచి క్లబ్బుల హెడ్ కోచ్ పదవులు దాదాపు అన్నీ విదేశీయులకే. ఒక భారతీయుడికి పూర్తికాలం ఆ పదవి దొరకడానికి ఏడేళ్లు పట్టింది. ఈత వచ్చేదాకా నీళ్లలో దిగొద్దు అంటే ఈత ఎప్పుడు వస్తుంది? అనుభవం లేదని పని ఇవ్వరు, పని ఇవ్వలేదు కాబట్టి అనుభవం రాదు. ఈ గానుగ చుట్టూ ఎన్నాళ్లు తిరగాలి?

ఈ మాటలు రాస్తుంటే నాకు మన బడి గుర్తుకు వచ్చింది. తెలుగు మీడియం అనగానే కొందరి మొహం మారిపోతుంది. "అయ్యో, ఇంగ్లీష్ మీడియంలో వేయలేదా?" అంటారు. పిల్లవాడు ఏం నేర్చుకున్నాడు, మార్కులెన్ని అని అడగరు. బోర్డు మీద పేరు చూసి బరువు కట్టేస్తారు. మన పక్కింటి మేస్త్రి బాగా కట్టినా, ఊరి బయటి నుంచి వచ్చినవాడికే ఎక్కువ కూలి ఇస్తారు. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు! ఒక మైనారిటీ బడి పిల్లలుగా, మనవాళ్లు తక్కువ అన్న చూపు ఎలా గుచ్చుకుంటుందో మనకు తెలుసు. కాబట్టి ఫుట్‌బాల్ చూసేటప్పుడు అదే చూపు మనం ఇంకొకరి మీద పెట్టకూడదు. అలాగని మనవాడు కదా అని కళ్లు మూసుకుని మార్కులు వేయమని కూడా నేను అడగడం లేదు. తెలుగు మీడియం అని గ్రేస్ మార్కులు వేస్తే మనకు గౌరవమా? పేపరు దిద్దండి, ఎన్ని వస్తే అన్ని వేయండి. అందరి పేపరూ ఒకేలా దిద్దండి, అంతే.

సమాఖ్య పెద్దలకు నా మాట చేరదని తెలుసు. అయినా రాస్తున్నాను. దరఖాస్తులు పిలవకముందే ఏ ఏ గుణాలకు ఎన్ని మార్కులో బయటపెట్టండి. ఎన్నుకున్నాక ఎందుకు ఎన్నుకున్నారో కారణం చెప్పండి. ఎన్నుకున్నవారికి ఆ పని ఒక్కటే ఇవ్వండి, కనీసం ఒక ఆసియా కప్ మొదలు నుంచి చివరిదాకా చేయనివ్వండి. ఆటగాళ్లను సమయానికి పంపేలా క్లబ్బులతో ముందే మాట్లాడండి. క్లబ్బుల్లో ఒక భారతీయ కోచ్ నిజంగా పని నేర్చుకునే చోటు ఉండేలా చూడండి. బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్ల సీసాలు అందించే చోటు కాదు. ఇవన్నీ చేశాక జట్టు ఓడితే, అప్పుడు కోచ్‌ని పంపించండి. ఆయన జమీల్ గారైనా సరే, తార్కోవిచ్ గారైనా సరే, నేను ఒక్క మాట అనను.

తోటి విద్యార్థులకు, అమ్మానాన్నలకు, సార్లకు, మేడంలకు కూడా ఒక మనవి. మళ్లీ ఎప్పుడో కోచ్ మారతారు, మళ్లీ పెద్ద పేర్లు వినబడతాయి. అప్పుడు ఫోన్‌లో స్టేటస్ పెట్టే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. తక్కువ ఉన్నచోట ఈయన ఏం చేశారు? పూర్తిగా మన పనికే వస్తారా? మన పిల్లలకు అర్థమయ్యేలా చెప్పగలరా? ఓడిన మర్నాడు ఏం చేశారు? నాలుగింటికీ మంచి జవాబు వస్తే ఆయన ఏ దేశం వారైనా చప్పట్లు కొడదాం. రాకపోతే ఎంత పెద్ద పేరైనా సరే, దండం పెట్టి సాగనంపుదాం.